ఖాళీల కూడిక

2 లక్షల కిలోమీటర్లు దాటిన బొలేరో లాంటి బండిలో మొదటి గేరు వేసి క్లచ్ వదలగానే కిందనుంచి ‘టక్’మని ఒక దెబ్బ వినిపిస్తుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీసి మళ్లీ వేస్తే ఇంకొకటి. రివర్సు వేస్తే మరింత గట్టిగా. షెడ్డుకు తీసుకెళ్తే ఒకరు క్రాస్ జాయింట్ పోయిందంటారు, ఇంకొకరు క్రౌన్ పినియన్ మార్చాలంటారు, మూడో ఆయన ఇంజన్ ఫౌండేషన్ రబ్బర్లు చూపిస్తారు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అంత తిరిగిన బండిలో ఆ మూడూ ఎంతో కొంత అరిగే ఉంటాయి. అయితే అరిగిన భాగం కంటబడినంత మాత్రాన శబ్దానికి కారణం దొరికినట్టు కాదు. పాత బండిలో ఈ దెబ్బ చాలాసార్లు ఇంజన్ నుంచి చక్రం దాకా వరసగా ఉన్న చిన్న చిన్న ఖాళీలన్నీ కలిసి కొట్టేది. అందులో దేని వాటా ఎంతో తేలాలంటే శబ్దం ఎక్కడ వినిపిస్తోందన్నది పెద్దగా పనికిరాదు. ఏ క్షణంలో వస్తోందో గమనించాలి, తర్వాత ఖాళీని కొలవాలి, ఆ రెండూ అయ్యాకే స్పానర్ పట్టాలి. ఈ అధ్యాయంలో నేను వాదించేది ఇదే.

శక్తి నడిచే దారి చూద్దాం. ఇంజన్, క్లచ్, గేర్ బాక్స్, ప్రొపెల్లర్ షాఫ్ట్, దాని రెండు కొసల్లో క్రాస్ జాయింట్లు, వెనక హౌసింగులో పినియన్, అది తిప్పే క్రౌన్, క్రౌన్‌తో పాటు తిరిగే స్టార్ పినియన్లు, వాటి పక్క సన్ గేర్లు, యాక్సిల్ షాఫ్టులు, చివరికి చక్రాలు. ఈ దారిలో ఏ రెండు పళ్లు కలిసినా వాటి మధ్య కావాలనే కొంత సందు ఉంచుతారు. ఆయిల్ పొర నిలవడానికి చోటు కావాలి, వేడెక్కి లోహం వ్యాకోచించినప్పుడు పళ్లు బిగుసుకుపోకూడదు. క్రౌన్ పినియన్ల మధ్య ఈ సందు దాదాపు 0.15 మిల్లీమీటర్లు. ఇంజన్ చక్రాన్ని లాగుతున్నంతసేపూ పళ్లన్నీ ఒక ముఖం మీద ఆనుకుని ఉంటాయి. కాలు తీసిన మరుక్షణం బండే ఇంజన్‌ను తిప్పడం మొదలుపెడుతుంది. బలం దిశ మారుతుంది, పళ్లన్నీ ఆ సందు దాటి రెండో ముఖానికి వెళ్లి కొట్టుకుంటాయి. కొత్త బండిలోనూ ఇది జరుగుతుంది, కాకపోతే చెవికి ఆనదు. అరుగుదలతో సందు పెరిగినకొద్దీ పళ్లు పరిగెత్తే దూరం పెరుగుతుంది, తాకే వేగం పెరుగుతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేస్తే చాలా అపోహలు తొలగిపోతాయి. వెనక హౌసింగులో నిష్పత్తి 4, మొదటి గేరు నిష్పత్తి కూడా 4 అనుకుందాం. ఈ తరహా బండ్లలో రెండూ దాదాపు ఆ దగ్గర్లోనే ఉంటాయి. యాక్సిల్ దగ్గర 1 డిగ్రీ ఖాళీ ఉంటే అది ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర 4 డిగ్రీలు అవుతుంది, ఇంజన్ దగ్గరికి వచ్చేసరికి 16 డిగ్రీలు. ఆ 16 డిగ్రీల మేరా ఇంజన్ అడ్డులేకుండా ముందుకు దూకుతుంది. దాని టార్క్ 100 న్యూటన్ మీటర్లయితే, ఆ దూకుడులో అది పోగుచేసుకునే శక్తి సుమారు 28 జౌళ్లు. కిలో బరువును 3 మీటర్లకు కాస్త తక్కువ ఎత్తు నుంచి వదిలితే నేలను తాకే శక్తి అంత. క్లచ్ ప్లేటులోని స్ప్రింగులు, టైర్లు కొంత మింగేస్తాయి కాబట్టి ఇది గరిష్ఠ అంచనా. ఇప్పుడు అదే 1 డిగ్రీ ఖాళీ క్రాస్ జాయింట్‌లో ఉందనుకోండి. అది ఇంజన్ దగ్గర 4 డిగ్రీలే, శక్తి 7 జౌళ్లు. పైగా జాయింట్‌లో 1 డిగ్రీ అంటే, క్రాస్ చెయ్యి పొడవు 35 మిల్లీమీటర్లనుకుంటే, కప్పులో 0.6 మిల్లీమీటర్ల లూజు. అంత లూజైన జాయింట్‌ను చేత్తో కదిపితేనే తెలిసిపోతుంది. ఇక అందరూ ముందుగా అనుమానించే క్రౌన్ పినియన్ సంగతి. 100 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న క్రౌన్ అంచున 0.15 మిల్లీమీటర్లంటే డిగ్రీలో పదో వంతుకు లోపే. ఇంజన్ దగ్గర ఒకటిన్నర డిగ్రీలు కూడా కావు. శక్తి రెండున్నర జౌళ్లలోపు. ఆ సందు రెట్టింపైనా 5 జౌళ్లు దాటదు.

ఈ అంకెలు చెప్పేది సూటిగానే ఉంది. చక్రానికి దగ్గరగా ఉన్న ఖాళీ చిన్నదైనా గేర్ల గుణకారం వల్ల పెద్ద దెబ్బగా మారుతుంది. హౌసింగులో అసలు పెద్ద ఖాళీ సాధారణంగా క్రౌన్ పినియన్ మధ్య ఉండదు. స్టార్ పినియన్లు, సన్ గేర్ల వెనక ఉండే పల్చని వాషర్లు అరిగిన చోట, స్టార్ పినియన్లు కూర్చునే అడ్డపిన్ను అరిగిన చోట, యాక్సిల్ షాఫ్ట్ కొస సన్ గేర్‌లోకి దిగే గాళ్ల దగ్గర పేరుకుంటుంది. అందుకే ‘టక్’ శబ్దం ఒక్కటే ఆధారంగా క్రౌన్ పినియన్ మార్చడం చాలాసార్లు డబ్బు పారేసుకోవడమే అంటాను. క్రౌన్ పినియన్ పళ్ల ముఖాలు గానీ, పినియన్ బేరింగులు గానీ పాడైతే వచ్చేది వేరే శబ్దం. వేగంతో పాటు స్థాయి మారే ‘ఊఁ’ అనే ఏడుపు, కాలు వేస్తే ఒకలా, తీస్తే ఇంకొకలా. ఇదే లెక్కలో పరీక్షించదగిన జోస్యం ఒకటుంది. టాప్ గేరు నిష్పత్తి 0.8 అనుకుంటే యాక్సిల్ దగ్గరి ఖాళీ వల్ల పుట్టే శక్తి మొదటి గేరులో కంటే అయిదో వంతుకు పడిపోవాలి. మొదటి గేరులోనూ రివర్సులోనూ గట్టిగా కొట్టి, టాప్ గేరులో దాదాపు మాయమయ్యే శబ్దం ఖాళీల కూడికే అనడానికి అదొక మంచి సాక్ష్యం. అన్ని గేర్లలో ఒకేలా వస్తుంటే వేరే చోట వెతకాలి.

క్రాస్ జాయింట్ గురించి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే దెబ్బలో దాని వాటా చిన్నదైనా ప్రమాదంలో దానిదే పెద్ద వాటా. 16వ శతాబ్దపు ఇటలీ గణితవేత్త కార్డానో పేరు, 17వ శతాబ్దపు ఆంగ్ల శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పేరు ఈ జాయింట్‌కు అంటుకుని ఉన్నాయి. మోటారు బండికి పనికొచ్చేలా దాన్ని మూసిన కప్పులో పెట్టి అమెరికాలో క్లారెన్స్ స్పైసర్ 1903లో పేటెంట్ పొందాడు. దీనికొక పుట్టు లక్షణం ఉంది: షాఫ్ట్ వంపులో ఉన్నప్పుడు ఒక పక్క సమవేగంతో తిప్పినా రెండో పక్క సమవేగంతో తిరగదు. 10 డిగ్రీల వంపులో ప్రతి చుట్టుకూ రెండుసార్లు వేగం సుమారు ఒకటిన్నర శాతం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. రెండో కొసన ఉన్న జాయింట్ ఆ తేడాను సరిచేస్తుంది. అలా సరిచేయాలంటే షాఫ్ట్ రెండు కొసల్లో క్రాస్‌ను పట్టుకునే యోకులు ఒకే వరసలో ఉండాలి. షాఫ్ట్ విప్పి మళ్లీ బిగించేటప్పుడు గాడి తప్పితే బండి వణుకుతుంది, జాయింట్లు త్వరగా పోతాయి. విప్పేముందు సుద్దతోనో పెయింట్‌తోనో గుర్తు పెట్టుకోవడం రెండు నిమిషాల పని. చాలా షెడ్లలో ఆ రెండు నిమిషాలు దొరకవు. కప్పుల్లో ఉండే సన్నని సూది రోలర్లు కొద్దిగానైనా దొర్లుతూ ఉండాలి, లేకపోతే ఒకే చోట నొక్కి క్రాస్ మీద గాట్లు పెడతాయి. గ్రీజు ఎండిపోతే లోహపు పొడి తుప్పుపట్టి కప్పు అంచున ఎర్రటి దుమ్ములా బయటికి వస్తుంది. ‘టక్’ కంటే ముందు, నెమ్మదిగా వెళ్తున్నప్పుడు షాఫ్ట్ తిరుగుడుతో పాటు వినిపించే ‘కీచు కీచు’ ఆ దశకు గుర్తు.

శబ్దం వినిపించే చోటు పెద్దగా పనికిరాదన్నాను; చెవి ఎందుకు మోసపోతుందో భౌతికశాస్త్రం చెబుతుంది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది, ఉక్కులో 5,000 మీటర్లకు పైగా. వెనక హౌసింగులో పుట్టిన దెబ్బ మూడు మీటర్ల ఛాసిస్ దాటి ముందుకు చేరడానికి మిల్లీసెకను కూడా పట్టదు. ఛాసిస్ నుంచి బాడీ రబ్బర్ల గుండా ఫ్లోరు రేకుకు ఎక్కి, ఆ రేకు మొత్తం కంపించి మన చెవికి చేరుతుంది. అంటే మనం వినేది దెబ్బ పుట్టిన చోటును కాదు, ఎక్కువగా మోగిన రేకును. మనిషి మెదడు శబ్దం దిక్కును పోల్చుకోవడానికి వాడుకునే ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి రెండు చెవులకూ అది చేరే కాలంలో తేడా; ఆ తేడా ఎంత ఎక్కువైనా మిల్లీసెకనులో మూడింట రెండు వంతులే. నాలుగు వైపులా ప్రతిధ్వనించే క్యాబిన్‌లో ఒక్కసారి కొట్టి ఆగిపోయే దెబ్బకు ఆ పద్ధతి పనిచేయదు. స్క్రూడ్రైవర్ కొస బేరింగు మీద పెట్టి పిడిని చెవికి ఆనించి వినే పాత పద్ధతి గొప్పదే. కానీ అది ఆగకుండా వచ్చే శబ్దానికి. నడిచే బండి కింద, గేరు మారిన క్షణాన వచ్చే ఒక్క దెబ్బకు ఎవరూ స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చోలేరు.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న ‘ఎప్పుడు?’ అన్నది. దీనికి ఖర్చులేని పరీక్షలున్నాయి, ఖాళీ మైదానంలో చేసుకోవచ్చు. అన్నిటికంటే విలువైనది ఇది: 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి బ్రేకు కొట్టండి. న్యూట్రల్‌లో ఇంజన్‌కు చక్రాలతో సంబంధం తెగిపోతుంది. షాఫ్ట్ తన బరువు కొద్దీ కొట్టే దెబ్బ చాలా చిన్నది. అయినా ‘టక్’ గట్టిగా వచ్చిందంటే గేర్ల దారికి ఆ నేరం అంటదు. బ్రేకు క్యాలిపర్, కమాన్ కట్ట బుష్‌లు, వదులైన యూ బోల్టులు, ముందు ఆర్ముల బుష్‌లు చూడాలి. కమాన్ కట్టలు ఉన్న బండిలో ఇది మరీ ముఖ్యం. గేరు వేసినప్పుడు వెనక హౌసింగు మొత్తం పినియన్‌ను పైకెత్తేలా మెలితిరగబోతుంది, దాన్ని ఆపేవి కట్టలే. బుష్ లేదా యూ బోల్టు వదులైతే హౌసింగే జరిగి కొడుతుంది; సరిగ్గా క్రాస్ జాయింట్ కొట్టే క్షణంలోనే. విని తేడా పట్టలేం, న్యూట్రల్ బ్రేకు పరీక్షలో పట్టగలం, ఎందుకంటే బ్రేకు కూడా హౌసింగును మెలితిప్పుతుంది. రెండోది, బండి నిలబడి న్యూట్రల్‌లో ఉండగా ఇంజన్ ఆపినప్పుడు ‘ధబ్’మంటే ముందు ఫౌండేషన్ రబ్బర్లు చూడాలి, డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉన్న బండిలో దాన్నీ చూడాలి, అప్పుడు షాఫ్ట్‌కూ హౌసింగుకూ పనే లేదు. మూడోది, శబ్దం ఒక్కసారి కాక వరసగా వస్తుంటే లెక్కపెట్టండి. 215/75 ఆర్15 టైరు చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. 20 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు రెండున్నర చుట్లు తిరుగుతుంది, షాఫ్ట్ సుమారు 10. సెకనుకు రెండు మూడు దెబ్బలైతే చక్రంతో పాటు తిరిగేవాటిలో, అంటే విరిగిన క్రౌన్ పన్ను నుంచి వదులైన వీల్ నట్టు దాకా, వెతకాలి. లెక్కపెట్టలేనంత గబగబా వస్తే షాఫ్ట్‌లోనో పినియన్‌లోనో. క్రెటా, బ్రెజా వంటివి ముందు చక్రాలతో నడిచేవి. వాటికి ప్రొపెల్లర్ షాఫ్టే లేదు కాబట్టి అనుమానితుల జాబితా మారుతుంది; స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలినప్పుడు ‘టకటక’మంటే బయటి సీవీ జాయింట్ అన్నమాట.

బండి ఆగాక, లేదా ఆగబోతూ, అరక్షణం ఆలస్యంగా వచ్చే ‘టక్’ మాత్రం ఈ లెక్కకు లొంగదు. బ్రేకు వేసినప్పుడు ముక్కు వంగి వెనక భాగం లేస్తుంది, గేర్ బాక్స్‌కూ హౌసింగుకూ మధ్య దూరం మారుతుంది. ఆ మార్పు కోసమే షాఫ్ట్‌లో జారే గాళ్లు ఉంటాయి. గ్రీజు లేకపోతే అవి మెలి బలం కింద పట్టేసుకుని, బలం వదలగానే ఒక్కసారిగా జారతాయి. అరిగినందుకు కాదు, జారనందుకు వచ్చే శబ్దం ఇది. అమెరికాలో జనరల్ మోటార్స్ పికప్పులు, వాటి ఛాసిస్ మీద కట్టిన ఎస్‌యూవీల విషయంలో ఇదే ఫిర్యాదు ఎంత పెరిగిందంటే ఈ జారే గాళ్లుండే భాగాన్ని, అంటే స్లిప్ యోక్‌ను, నికెల్ పూత పూసి తేవాల్సి వచ్చింది. టొయోటా ల్యాండ్ క్రూయిజర్ యజమానులు గ్రీజ్ గన్‌తో నిప్పల్ దగ్గర రెండు పంపులు కొట్టి పోగొట్టుకునేదీ ఇదే శబ్దాన్ని. వందల రూపాయల గ్రీజుతో పోయే శబ్దానికి హౌసింగు దింపడం అన్యాయం. నిప్పల్ ఉన్న బండికి గ్రీజు కొట్టి మళ్లీ నడిపి చూడకుండా మరే నిర్ణయానికీ రాకూడదు.

క్షణం తేలాక కొలత. బండిని సమతల నేల మీద నిలిపి, ముందు చక్రాలకు రెండు వైపులా చెక్కలు పెట్టి, వెనక చక్రాలను హ్యాండ్ బ్రేకుతో బిగించి, గేరు న్యూట్రల్‌లో ఉంచి ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పండి. పినియన్ ఫ్లాంజి అంచునా, ఎదురుగా హౌసింగు మీదా సుద్దగీత గీస్తే గీత ఎంత జరిగిందో స్కేలుతో కొలవచ్చు. ఫ్లాంజి వ్యాసం 100 మిల్లీమీటర్లయితే ప్రతి 0.87 మిల్లీమీటర్లూ ఒక డిగ్రీ. ఇది పినియన్ నుంచి చక్రం దాకా ఉన్న ఖాళీ. తర్వాత వెనక చక్రాలు లేపి, స్టాండ్ల మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వదిలి, గేరు వేసి తిప్పితే వచ్చేది గేర్ బాక్స్ వైపు ఖాళీ. షాఫ్ట్ కదులుతుంటే జాయింట్‌కు రెండు పక్కలా ఉన్న యోకులు కలిసి కదులుతున్నాయా, ఒకటి ముందు ఇంకొకటి తర్వాత కదులుతున్నాయా అన్నది చూస్తే జాయింట్ వాటా తెలుస్తుంది. జాకీ మీద మాత్రమే నిలబడిన బండి కిందికి ఎవరూ దూరకూడదు. కొన్ని పాత ల్యాండ్ రోవర్లు, జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాలను కాక షాఫ్ట్‌నే పట్టుకుంటుంది. అలాంటివాటిలో పైన చెప్పిన మొదటి కొలత కుదరదు.

దీనికి షెడ్డు వైపు నుంచి వచ్చే మొదటి అభ్యంతరం న్యాయమైనదే: ముప్పై ఏళ్లు బండ్లు బాగుచేసిన మేస్త్రికి ఇన్ని కొలతలెందుకు, వినగానే చెప్పగలడు కదా? చెప్పగలడు, చాలాసార్లు సరిగ్గానే చెబుతాడు. కానీ మంచి మేస్త్రి చేసే పని గమనించండి. ఆయన ముందు తాళం తీసుకుని తానే నడుపుతాడు, గేరు వేస్తాడు, వదులుతాడు, రివర్సు వేస్తాడు. అంటే ఆయన చెవి కూడా ‘ఎప్పుడు’ అనే ప్రశ్నకే జవాబు వెతుకుతోంది. కొలత ఆ నైపుణ్యానికి పోటీ కాదు. దాన్ని బండి యజమానికీ, శిక్షణలో ఉన్న కుర్రాడికీ కనబడేలా చేస్తుంది.

రెండో అభ్యంతరం డబ్బుది. కొలవడానికి పూట పోగొట్టుకునే కంటే చవకైన క్రాస్ జాయింట్ ముందు మార్చి చూస్తే పోలేదా? ఒక్క భాగమే నేరస్థుడైతే ఈ పద్ధతి నడుస్తుంది. ఖాళీలు కూడితే వచ్చిన శబ్దానికి నడవదు. మొత్తంలో పదో వంతు ఖాళీ తగ్గిస్తే శబ్దం కాస్త మెత్తబడుతుంది, నాలుగు రోజులు బాగైందనిపిస్తుంది, తర్వాత చెవి అలవాటు పడి మళ్లీ ఫిర్యాదు మొదలవుతుంది. పైగా జాయింట్ మార్చేటప్పుడు షాఫ్ట్ విప్పుతారు, గాళ్లకు గ్రీజు పూస్తారు, బోల్టులన్నీ బిగిస్తారు. శబ్దం పోతే దేనివల్ల పోయిందో చెప్పలేం. ఒకసారికి ఒక్క మార్పు చేసి, అదే గేరులో, అదే వేగంలో, అదే నేల మీద మళ్లీ వింటే తప్ప ఆ మార్పు గురించి మనకు తెలిసిందేమీ ఉండదు.

పాత బండన్నాక ఆ మాత్రం శబ్దం ఉంటుంది, వదిలేయండి అనే మాట మూడోది. ఇందులో సగం నిజముంది, ఆ సగాన్ని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కొలిచి చూస్తే కొన్ని బండ్లలో ఏ ఒక్క ఖాళీ హద్దు దాటి ఉండదు, అన్నీ కొద్దికొద్దిగా పెరిగి ఉంటాయి. అక్కడ సరైన తీర్పు ఏమీ మార్చవద్దనే. శక్తి అంటే టార్క్‌ను ఖాళీతో గుణించడమే కాబట్టి, ఖాళీని తగ్గించలేకపోతే టార్క్ మారే తీరును తగ్గించవచ్చు: క్లచ్ కుదుటగా వదిలి, యాక్సిలరేటర్ మెల్లగా వేసే డ్రైవరు చేతిలో అదే బండి తక్కువ శబ్దమే చేస్తుంది. ఆ మాటలో మిగతా సగం మాత్రం నిజం కాదు. శబ్దం ఉందా లేదా అన్నది కాదు చూడాల్సింది, పెరుగుతోందా అన్నది. ఏళ్ల తరబడి ఒకేలా ఉన్న ‘టక్’ వేరు, నెల రోజుల్లో కొత్తగా మొదలై గట్టిపడిన ‘టక్’ వేరు. హౌసింగు ఆయిల్ దింపినప్పుడు అయస్కాంతం ఉన్న ప్లగ్‌కు బూడిద లాంటి మెత్తని పొడి అంటుకుంటే అది మామూలు అరుగుదల. గోటికి తగిలే ముక్క కనిపిస్తే హౌసింగు విప్పాల్సిందే.

క్రాస్ జాయింట్ విషయంలో మాత్రం ఏ లెక్కా వాయిదాకు అనుమతించదు. ముందు కొసన జాయింట్ విరిగితే ప్రొపెల్లర్ షాఫ్ట్ నేలకు జారి, కదులుతున్న బండి కింద గుచ్చుకోవచ్చు. మీ బండి కింద ఏ కప్పు అంచున ఎర్రటి దుమ్ము కనిపించినా, షాఫ్ట్ తిప్పినప్పుడు యోకుల్లో ఒకటి వెనకబడినా, మిగతా పరీక్షలన్నీ పక్కనబెట్టి ముందు ఆ జాయింట్ మార్పించండి.